కింది పోర్షన్‌లో సర్వర్

మా అమ్మ దగ్గడానికి బస్టాండుకి వెళ్ళేది.

నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సులు ఆగే వైపు, చివర్లో ఒక సిమెంటు బెంచీ ఉంది. పొద్దున్నే నేను లాప్‌టాప్ తెరిచే టైముకి అమ్మ చేతిసంచీ పట్టుకుని ఊరెళ్తున్నట్టు బయల్దేరేది. ఆ బెంచీ మీద కూర్చుని కడుపారా దగ్గి, ఊపిరి కుదుటపడ్డాక తోటకూరో నిమ్మకాయలో కొనుక్కుని తిరిగొచ్చేది. సంచీలో కూరగాయలుంటే ఎక్కడికెళ్ళావని ఎవరూ అడగరు. ఇంకెక్కడా చోటు లేనట్టు బస్టాండేంటమ్మా అంటే, "ఆడ అందరూ దగ్గేవాళ్ళే గదే, ఎవురూ ఇల్లు ఖాళీ చెయ్యమనరు" అనేది.

అమ్మ పేరు వెంకమ్మ. మాచర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో నా చిన్నప్పటి నుంచి నా ఇంజినీరింగ్ అయ్యేదాకా పనిచేసింది. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. అద్దె కట్టదు, ఖాళీ చెయ్యదు. మేము చూసిన కాపురాల్లో స్థిరంగా ఉన్నది అదొక్కటే.

నాకు ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ సపోర్టు ఉద్యోగం వచ్చాక, నెట్ బాగుంటుందనీ ఆసుపత్రులు దగ్గరనీ పేటకి మారాం. మొదటి ఇల్లు కారం మిల్లు పక్క సందులో. అక్కడ ఆరోగ్యవంతులే తుమ్ముతూ తిరుగుతారు కాబట్టి అమ్మ దగ్గు కొన్నాళ్ళు జనంలో కలిసిపోయింది. తర్వాత ఓనరు కనిపెట్టాడు. రెండోది మేడ మీద రేకుల గది. మెట్ల మధ్యలో అమ్మ కూర్చుండిపోతుంటే చూసి టీబీ అనుకున్నారు. కాదని డాక్టరు రాసిన కాగితం చూపించాం. శ్రద్ధగా చదివారు, ఖాళీ చెయ్యమన్నారు. ఆ తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. ఒకరు కూతురి పెళ్ళన్నారు, ఒకరు రంగులన్నారు, ఒకరు ఈశాన్యం బాలేదన్నారు. దగ్గు అనే మాట మాత్రం ఎవరూ నోట రానివ్వలేదు. మర్యాదస్తులు.

మారిన ప్రతిసారీ కొత్త ఇంట్లో ఎవరివో పాత బూజులు దులపాలి. ఆ వారమంతా అమ్మ మంచం దిగేది కాదు. గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, ముందు ఈ ఇళ్ళు మారడం ఆపండమ్మా అన్నాడు. ఆ మందు ఏ షాపులో దొరుకుతుందో మాత్రం చీటీలో రాయలేదు.

అలా తిరిగి తిరిగి బరంపేటలో కోటమ్మగారి డాబా దొరికింది. ఆమెది ముప్పాళ్ళ దగ్గర రైతు కుటుంబం. భర్త సుబ్బారావుగారు మిర్చి చేనుతో పాటు అక్కడే ఉండిపోయేవారు. ఈ డాబా ఆమె రాజ్యం. పైన ఆమె, కింద అద్దె పోర్షన్. కిందికొచ్చే నీళ్ళ మోటరు స్విచ్చి పైన. కింది కరెంటు మెయిన్ కూడా పైనే. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజినీరుని కాబట్టి అది గమనించాను, అద్దెకున్నదాన్ని కాబట్టి ఏమీ అనలేదు.

మెట్ల దగ్గర ఇంటర్వ్యూ జరిగింది. కంపెనీ వాళ్ళు కూడా నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. ఎవరోళ్ళం, మగదిక్కు ఉందా, ఏయే రోజుల్లో నీచు వండుతాం, గోడలకి మేకులు కొడతామా. చివర్లో, ఏదో మాటవరసకన్నట్టు, ఇంట్లో జబ్బు మనుషులున్నారా అని. అమ్మ దగ్గు రాకుండా బుగ్గలో లవంగం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నవ్వుతూ నిలబడి ఉంది. నవ్వుతూ ఊపిరి బిగబట్టడం ఎంత కష్టమో అద్దం ముందు ఒకసారి ప్రయత్నించి చూడండి.

"ఇంతకుముందున్న పెద్దాయన చానా మంచోడు," అంది కోటమ్మగారు. "కానీ పోయేది పోయేది ధనిష్ఠలో పోయాడు. ఆరు నెల్లు ఇల్లు మూసిపెట్టాం. తెరిచినాక కూడా ఎవురూ రాలా. అందుకని అడుగుతున్నా, ఏమనుకోబాకండి."

ధనిష్ఠ దగ్గర్నుంచి రేవతి దాకా వరసగా అయిదు నక్షత్రాలు. ఆ రోజుల్లో మనిషి పోతే ఆ ఇంటికి తాళం వెయ్యాలంటారు. సొంతిల్లయితే ఏడ్చుకుంటూ వేసుకుంటారు. అద్దెకిచ్చే వాళ్ళకి మాత్రం తాళంతో పాటు చెడ్డపేరూ మిగిలిపోతుంది. ఆమె భయం నాకు అర్థమైంది. ఆమెకి మా భయం అర్థం కాకుండా చూసుకోవడమే నా పనైంది.

మా భయమేంటో కూడా చెప్పాలి. నాన్న పేరు కొండలు. ఆయనా అదే ఫ్యాక్టరీ, అదే దుమ్ము. ఆఖరి రోజున, ఇంకా ఊపిరి ఉండగానే, మాచర్ల ఓనరు వచ్చి చేతులు జోడించాడు. చేతులు జోడించి అడిగినవాణ్ణి కాదనడం ఎలాగో అమ్మకి తెలియలేదు. నాన్నని మంచంతో సహా బయటికి మోసుకొచ్చి, ఫ్యాక్టరీ గోడకి ఒక పరదా పట్టా కట్టి దాని కింద పెట్టారు. నాన్న రోడ్డు వైపు చూస్తూ పోయాడు. లారీలు అక్కడికొచ్చేసరికి నెమ్మదించి, చూసి, మళ్ళీ స్పీడు అందుకునేవి. ఆ తర్వాత అమ్మ నన్ను నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ఒక్కటే అడిగింది.

"మల్లీ, నన్ను మాత్రం రోడ్డు మీద పెట్టబాకే."

కోటమ్మగారి ఇంట్లో చేరిన కొన్నాళ్ళకి బస్టాండు దాకా నడవడం కూడా అమ్మ వల్ల కాలేదు. ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోవాలని గుంటూరు డాక్టరు చెప్పాడు. సిలిండరు తేలేం. కరోనా తర్వాత సిలిండరు ఎందుకో తెలియనివాళ్ళు ఈ దేశంలో లేరు. గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్ ఒకటుంది, చక్రాల మీద చిన్న బీరువాలా. దాన్ని కంప్యూటరు అట్టపెట్టెలో పెట్టి ఆటోలో తెచ్చాను. కోటమ్మగారు మెట్ల మీదే ఉంది. ఏందది అని అడిగింది.

నా నోట్లోంచి వచ్చిన మాట: "ఆఫీసు సర్వర్ అత్తా."

(మొదట్లో ఆంటీ అనేదాన్ని. నేనేమన్నా సీరియల్లో దాన్నా, అత్తా అను అంది.)

సర్వర్ అంటే ఏంటో చెప్పమంది. ఇరవై నాలుగ్గంటలూ నడుస్తుందనీ, శబ్దం చేస్తుందనీ, కరెంటు పోతే కీచుమని అరుస్తుందనీ, ఆపితే నా ఉద్యోగం పోతుందనీ చెప్పాను. మిషన్ గురించి నేను చెప్పిన వాటిలో పేరు తప్ప అబద్ధం పెద్దగా లేదు. మీటరు ఎక్కువ తిరుగుతుందే అంది. ఆ తేడా నేనే కట్టుకుంటానన్నాను. దాంతో ఆమె తృప్తి పడటమే కాదు, గర్వపడింది. మా కింది పోర్షన్‌లో అమెరికా కంపెనీ కంప్యూటరు నడుస్తా ఉంటదని బంధువులకి చెప్పుకునేది. దసరాకి ఆయుధపూజ రోజున పసుపూ కుంకుమా పట్టుకుని స్వయంగా దిగింది. అమ్మ ముక్కుకున్న గొట్టం లాగేసి మంచం కిందికి నెట్టి, లేచి నిలబడి, బుగ్గలో లవంగం వేసుకుంది. కోటమ్మగారు మిషన్‌కి మూడు చోట్ల పసుపు రాసి, మధ్యలో బొట్లు పెట్టి, హారతిచ్చి, నీళ్ళసీసాలో లేస్తున్న బుడగలు చూసి ఇదేంది అని అడిగింది. కూలింగ్ అన్నాను. ఆమె వెళ్ళాక అమ్మ నవ్వబోయి దగ్గింది. నేను టీవీ సౌండు పెంచాను. మా ఇంట్లో టీవీ ఉన్నది అందుకే.

ఆ చలికాలం అమ్మ బాగుపడిందనే చెప్పాలి. గోళ్ళకి మామూలు రంగు వచ్చింది. కూర్చుని వంకాయలు తరిగేది. నేను మీటింగుల్లో ఉంటే, నీ సర్వర్ని ఆపమంటావా అని సైగ చేసేది. ఇంటికి అలవాటు పడ్డాం. నేనే తప్పు చేశాను: రెండిళ్ళ నుంచి కట్లు విప్పని అట్టపెట్టెల్లో ఒకటి విప్పి, స్టీలు డబ్బాలు అలమరలో సర్దాను.

పేట జిల్లా కేంద్రం అయినప్పటి నుంచీ ఆఫీసులవాళ్ళు ఇళ్ళ కోసం తిరుగుతూనే ఉన్నారు. అలాంటి ఒక పెద్ద ఉద్యోగి భార్య మా వీధిలో ఇల్లు చూసుకుంటోందని తెలిసింది. ఆ మర్నాటి నుంచి కోటమ్మగారికి మా పోర్షన్‌లో వాస్తు దోషం కనపడటం మొదలైంది. తర్వాత ఆమె కూతురు దీపిక పురుటికొస్తుందంది. దీపిక హైదరాబాదులో ఉంటుంది. నేను ఫోన్లో శుభాకాంక్షలు చెబితే ఆ పిల్ల ఉలిక్కిపడింది.

చలి తగ్గేదాకా గడువివ్వమని అడిగాను. దగ్గున్న మనిషితో మాఘమాసంలో ఇల్లు మారలేనని చెప్పడానికి లేదు, ఎందుకంటే మా ఇంట్లో దగ్గున్న మనిషి లేదు. కోటమ్మగారు సరేనంది. తర్వాత మోటరు వెయ్యడం మర్చిపోవడం మొదలెట్టింది. పక్కింటి షబ్నం అక్క బిందెలతో నీళ్ళు అందించేది. అక్కది సొంతిల్లు, చిన్నదే, ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. మా గోడకీ వాళ్ళ కిటికీకీ మధ్య చెయ్యి పట్టేంత సందు.

నీళ్ళతో మేము లొంగకపోయేసరికి కరెంటు పోవడం మొదలైంది. వీధంతా ఉంటుంది, మాకే ఉండదు. సరిగ్గా నేను ఆఫీసులో లాగిన్ అయ్యే వేళకి పోతుంది, మధ్యాహ్నానికి వస్తుంది. మిషన్ కీచుమంటుంది. అమ్మ గొట్టం తీసేసి, కిటికీ ఊచలు పట్టుకుని, నోరు తెరుచుకుని కూర్చుంటుంది. ఇన్వర్టర్ పెట్టించుకుంటానంటే, మా వైరింగు ముట్టబాకండి అని ఎలక్ట్రీషియన్ని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపింది. కంప్యూటరు యూపీఎస్ పెడితే కాఫీ తాగేంతసేపు నడిచి అదీ కీచుమంది.

ఇదంతా ఎందుకో షబ్నం అక్క చెప్పింది. కోటమ్మగారు మేడ మీద ఫోన్లో చెబుతుంటే విన్నదట: ఆ సర్వర్ నాలుగు రోజులు ఆగితే పిల్లకి ఆఫీసులో చిక్కొచ్చి తనే ఇంకో ఇల్లు చూసుకుంటది, మనం పొమ్మనే పన్లేదు.

నేను చెప్పిన అబద్ధం తిరిగి తిరిగి ఎక్కడికొచ్చిందో అప్పుడర్థమైంది. ఆపకూడనిది ఏదో ఆమెకి నేర్పింది నేనే.

నిజం చెబితే కరెంటు వస్తుంది, ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఇల్లుంటుంది, అమ్మ ఉంటుందో ఉండదో. రెండు రాత్రులు దీన్ని అటూ ఇటూ తిప్పాను. షబ్నం అక్క నా ముఖం చూసి, వైరు ఇటు పడెయ్యవే అంది. కిటికీలోంచి కిటికీకి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, మీద మా తడి తువ్వాళ్ళు ఆరేశాం. కుట్టు మిషనూ మా మిషనూ ఒకే ప్లగ్గు మీద నడిచాయి. ఆమె మోటరు తొక్కినప్పుడల్లా మా సీసాలో బుడగలు ఒక్క క్షణం తగ్గేవి. అమ్మ దాన్నిబట్టి అక్కకి జాకెట్లు ఎక్కువున్నాయో తక్కువున్నాయో చెప్పేది.

అక్క గురజాలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళిన రోజు ఆ కిటికీ మూసి ఉంది. వెళ్ళేముందు తాళంచెవి ఇస్తానంది. మర్చిపోయింది, పెళ్ళి హడావిడి. పదిన్నరకి మాకు కరెంటు పోయింది.

కాసేపు చూద్దామంది అమ్మ. చూశాం. మాట్లాడటం మానేసింది. తర్వాత కిటికీ ఊచలు వదిలేసింది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నా హెడ్‌ఫోన్లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు, నాగమల్లేశ్వరీ కెన్ యూ హియర్ అస్ అని. హెడ్‌ఫోన్ పడేసి మెట్లెక్కాను.

కోటమ్మగారు ఫ్యాను కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. లైన్లోనే పోయిందేమోనే అంది, ఫ్యాను గాలికి ఎగురుతున్న ఈనెల్ని చేత్తో అదిమిపెట్టి.

"అది సర్వర్ కాదత్తా. ఆక్సిజన్ మిషన్. అమ్మకి ఊపిరాడట్లేదు."

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆమె ముందు లేచింది. చిక్కుడుకాయలు ఒళ్ళోంచి నేల మీద పడ్డాయి. మెయిన్ పైకి కొట్టింది. ఆ తర్వాతే నా వైపు తిరిగింది. కింద నుంచి మిషన్ మొదలైన శబ్దం వినపడేదాకా ఇద్దరం కదలకుండా నిలబడ్డాం.

ఎప్పటి నుంచి అని అడిగింది. వచ్చినకాడి నుంచీ అన్నాను. మరి ఆ రోజు నవ్వుతా నిలబడింది గదే అంది. లవంగం అన్నాను. ఆమె కుర్చీలో కూలబడింది.

"పసుపు రాసి బొట్లు పెట్టానే దానికి."

తర్వాత ఆమె చూపు గోడ మీది క్యాలెండరు వైపు పోయింది. దాన్ని మేకు నుంచి తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఆ రోజు నక్షత్రం చూసింది. పుష్యమి. గట్టిగా ఊపిరి వదిలింది.

నాతో పాటు దిగొచ్చి గుమ్మం బయటే నిలబడింది. గడప దాటలేదు. అమ్మ గొట్టం పెట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. ఇక దాచడానికేం లేదు కాబట్టి లేవలేదు.

"ఎంత పని చేశావు వెంకమ్మా," అంది కోటమ్మగారు.

అమ్మ ఊపిరి కూడదీసుకోవడానికి టైము పట్టింది. "నువ్వేం తక్కువ చేశావు వదినా."

కోటమ్మగారు తల దించుకుంది. మెయిన్ మీద ఇంక చెయ్యి వెయ్యనని, కావాలంటే త్రికోటేశ్వరుడి మీద ఒట్టని అంది. అంతలోనే, కానీ శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ లోపు ఇల్లు చూసుకోవాలంది. ఏ పాపమైనా మోస్తాను గానీ మళ్ళీ ఆ తాళం వెయ్యలేనంది. ఆమె చేతులు జోడించింది.

అమ్మ ఆ చేతుల వైపు చూసి ముఖం పక్కకి తిప్పుకుంది.

ఇళ్ళ వేట మళ్ళీ మొదలైంది. ఫోన్లో ఉన్న అద్దె గ్రూపులన్నీ చూశాను. తెలిసిన బ్రోకర్లందరికీ చెప్పాను. ఒకచోట మీ అమ్మని తీసుకొచ్చి చూపించమన్నారు, పెళ్ళిచూపుల్లాగా. ఒకచోట కింద పోర్షనే కానీ బాత్రూం మేడ మీద. ఒకాయన అన్నీ విని, ఒంటరి ఆడపిల్లకి ఇవ్వం అన్నాడు. అమ్మ ఉందండీ అంటే, ఎన్నాళ్ళుంటుంది అన్నాడు. అలమరలో సర్దిన స్టీలు డబ్బాలు తీసి మళ్ళీ అట్టపెట్టెలో పెట్టాను. నిద్రలో కూడా గేట్లు తీస్తున్నట్టు కలలు.

తిరునాళ్ళకి ఎత్తైన వెదురు ప్రభలు కట్టే సందడి ఊళ్ళలో మొదలైన రోజుల్లో, ఆ ఉద్యోగి భార్య ఇల్లు చూడ్డానికి వస్తోందని కోటమ్మగారు కబురు చేసింది. తర్వాత తనే దిగొచ్చి, గడప బయట నిలబడి, ఆ కాసేపు అమ్మని ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడిగింది. కావాలంటే ఆటో పిలుస్తానంది. ఎక్కడికి అత్తా, బస్టాండుకా అన్నాను. ఆమెకి అర్థం కాలేదు.

అమ్మ కదలలేని స్థితి. అందుకని ఒప్పందం ఇలా కుదిరింది: వంటింటి పక్కనున్న చిన్న గదిలో అమ్మ, తలుపు దగ్గరగా వేసి. కాసేపు మిషన్ ఆపి చిన్న సిలిండరు పెట్టాలి. ఇప్పుడు దాచే పని లేదని అది తెచ్చి ఉంచాను. లవంగం నేనే ఇచ్చాను. అమ్మ నా వైపు ఒకసారి చూసి బుగ్గలో పెట్టుకుంది. అయిపోతుందమ్మా, కాసేపే అన్నాను. ప్రతి ఇంట్లోనూ ఇదే మాట అన్నాను.

ఆ ఉద్యోగి భార్య వచ్చింది. బాగా మాట్లాడే మనిషి. గాలీ వెలుతురూ మెచ్చుకుంది. పిల్లలకి ఈ గది, పూజకి ఆ మూల అని పంచుకుంటూ వచ్చింది. కోటమ్మగారు నీళ్ళకి లోటుండదని చెప్పింది. నేను గోడకి ఆనుకుని అట్టపెట్టెల్లో ఒకదానిలా నిలబడ్డాను. అప్పుడామె అడిగింది, మామూలుగా అడుగుతున్నట్టు, ఇంతకుముందు ఈ ఇంట్లో ఎవరైనా అలా పోవడాలూ గట్రా ఏం లేవు కదండీ అని.

"అబ్బే, లేదమ్మా. చానా కలిసొచ్చిన ఇల్లు," అంది కోటమ్మగారు.

చిన్న గది తలుపు తెరుచుకుంది.

అమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. లవంగం నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. తర్వాత దగ్గింది. మాచర్ల నుంచి ఇక్కడిదాకా మింగిన దగ్గంతా దగ్గింది. కారం మిల్లు సందుదీ, రేకుల గదిదీ, ఈశాన్యం బాలేని ఇంటిదీ, ఆయుధపూజ నాటిదీ. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చేంత గట్టిగా, వంగిపోయి, నా చెయ్యి తోసేసి. ఆ ఉద్యోగి భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరుగుతూ జరుగుతూ గేటు దాకా వెళ్ళింది. సిలిండరు కూడా ఆమె కంట పడింది. ఫోన్ చేస్తానంది. చెయ్యదని వీధిలో కుక్కకి కూడా తెలుసు.

కోటమ్మగారి ముఖం ఎర్రబడింది. అమ్మ మంచం మీద కూర్చుని, గొట్టం పెట్టుకుని, చాలాసేపటికి మాట తెచ్చుకుంది.

"నువ్వు మంచిదానివే వదినా. మా ఆయన్ని బయటపెట్టినాయన కూడా మంచోడే. నేను మాత్రం లెగవను. మోయించుకుంటావో, మానుకుంటావో నీ ఇష్టం."

మోయించలేదు. మనుషుల్ని పిలిచి మా అమ్మని మంచంతో సహా వీధిలో పెట్టించేంత గుండె ఆమెకి లేదు. ఆ సంగతి ఆమెకి తెలిసింది, దానికే ఎక్కువ కోపం వచ్చిందనుకుంటాను. పది రోజులు మాతో మాట్లాడలేదు. ఈలోపు బరంపేట అంతా పాకింది, కోటమ్మ కింది పోర్షన్‌లో ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి ఉందని. ఇల్లు అడగడానికి ఒక్కరూ రాలేదు. ప్రభలు కొండకి వెళ్ళాయి, తిరిగొచ్చాయి, మేము ఇక్కడే ఉన్నాం. బస్టాండు దాకా వెళ్ళి దాచుకున్న దగ్గే ఇప్పుడు మా అద్దె ఒప్పందం. కాగితం లేదు, స్టాంపు లేదు. అది వినపడినంత కాలం ఈ ఇంటికి మేము తప్ప దిక్కు లేదు.

ఆగిపోతే ఏమవుతుందో కోటమ్మగారికీ తెలుసు. అందుకని ఇప్పుడు ఆమె పొద్దున్నే మెట్ల మీద నిలబడి చెవి పెడుతుంది. దగ్గు వినపడితే లోపలికి పోతుంది. వినపడకపోతే, "ఏమే వెంకమ్మా" అని పిలుస్తుంది. నెలలో ఆ చెడ్డ నక్షత్రాలు వరసగా వచ్చే అయిదు రోజులూ మాకు పండగ. మిరియాల కషాయం వస్తుంది, మెత్తగా ఉడికించిన జావ వస్తుంది, మోటరు ఆగకుండా నడుస్తుంది. రేవతి వెళ్ళి అశ్విని రాగానే మళ్ళీ నీళ్ళుండవు. నేను ఫోన్లో క్యాలెండరు యాప్ పెట్టుకున్నాను, బట్టలు ఎప్పుడు నానబెట్టాలో చూసుకోవడానికి.

డాక్టరు చెప్పిందాన్నిబట్టి అమ్మ ఊపిరితిత్తులు బాగుపడేవి కావు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి, అంతే. ఇళ్ళ గ్రూపుల్లోంచి నేనింకా బయటికి రాలేదు. అట్టపెట్టెలు గోడ పక్కనే ఉన్నాయి. గేటు చప్పుడైతే మీటింగులో మాట మధ్యలోనే ఆగిపోతాను. ఎవరైనా ఇల్లు చూడ్డానికి వచ్చారేమోనని.

మొన్న శతభిషం, అయినా ఎందుకో పొద్దుట్నుంచి మోటరు చప్పుడు లేదు. నేను వంటింట్లో ఉన్నాను. టీ మరుగుతోంది, మిషన్ హోరు వినపడుతోంది, కానీ దానిలో ఏదో తక్కువైంది. అమ్మ దగ్గి ఎంతసేపైందో గుర్తుకు తెచ్చుకోబోయాను, గుర్తుకి రాలేదు. పైనుంచి "ఏమే వెంకమ్మా" అని వినపడింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. మెట్ల మీద చెప్పులు టపటపా దిగుతున్నాయి. నేను స్టవ్ కట్టెయ్యకుండానే పరిగెత్తాను. గది గుమ్మంలో ఇద్దరం భుజాలు ఢీకొన్నాం. కోటమ్మగారు గడప దాటింది. ఆ ఇంట్లో మేము చేరాక, మిషన్‌కి బొట్టు పెట్టిన రోజూ, ఇల్లు చూపించిన రోజూ తప్ప ఆమె లోపలికి రాలేదు.

అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. చేతులు పొట్ట మీద. సీసాలో బుడగలు లేస్తున్నాయి, అంతే. కోటమ్మగారు వంగి అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టింది. నాకు ముందుకి అడుగు పడలేదు.

అమ్మ బుగ్గ కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. లవంగం.

కళ్ళు తెరిచింది. ముందు నన్ను చూసింది, తర్వాత ఆమెని. తనివితీరా దగ్గింది. కోటమ్మగారు గుండె మీద చెయ్యేసుకుని, మా మంచం పట్టె మీదే కూర్చుండిపోయింది. ఇప్పుడు ఊపిరి అందనిది ఆమెకి.

"మోటరు ఏసొచ్చావా వదినా," అంది అమ్మ. "నీళ్ళు లేవు."